తలుపు ఎవరు మూశారు?



మిరపకాయ కోతల కాలములో ఒక సాయంత్రము మా సంఘములోని ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. చేలోనుండి నేరుగా వచ్చినట్లున్నది. చేతులు మండుతున్నాయని ముందు నీళ్లడిగి కడుక్కొన్నది. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మము దగ్గరే నిలబడి, "అయ్యగారూ, వాళ్ల అమ్మాయికి తలుపు తీసిన దేవుడు మా అమ్మాయికి ఎందుకు మూశాడు? మేము చేసిన పాపమేమిటి?" అని అడిగింది.

ఇరవై ఏండ్లుగా సేవలో ఉన్నాను. మరణపు ఇండ్లలో, పంట పోయిన ఇండ్లలో ఎన్నో ప్రశ్నలు విన్నాను. కాని ఈ ప్రశ్నకు నోరు పెగలలేదు. ఎందుకంటే ఆ మాటను ఆమె నోట పెట్టినది నేనే.

సంగతి ఇది. 2023లో మా సంఘపు అమ్మాయి ఒకతె బ్రిటను దేశమునకు వెళ్లింది. అక్కడ వృద్ధులను కనిపెట్టుకొని ఉండే పని, దానినే కేర్ వర్కరు ఉద్యోగమంటారు. ఆ ఆదివారము ఆమె తల్లిదండ్రులను ముందుకు పిలిచి, కృతజ్ఞతార్పణ పట్టి, ఇది దేవుడు తెరచిన ద్వారమని గట్టిగా ప్రసంగించాను. ఆ కుటుంబము సంతోషించింది. వెనుక చాప మీద కూర్చున్న ఈ తల్లి మాత్రము ఆ మాటను మరొక విధముగా విన్నది. ఈమె కుమార్తె కూడ నర్సింగు చదివిన పిల్లే. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెలకు 14 వేలకు రాత్రి డ్యూటీలు చేస్తున్నది. ఆ ఇంటివారికి దేవుడు తలుపు తీసినప్పుడు మనకు మాత్రము తీయడా అనుకొన్నారు. 2024 చివరలో సాగర్ కాలువ క్రింది ఎకరము అమ్మి 9 లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి 5 లక్షలు, మొత్తము 14 లక్షలు పట్టణములోని ఒక ఏజెంటు చేతిలో పెట్టారు. ఇదిగో అదిగో అంటూ ఏడు నెలలు గడిచాయి. 2025 జూలై 22న బ్రిటను ప్రభుత్వము బయటి దేశాలనుండి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకొనుట ఆపివేసింది.

5 లక్షలకు నెలకు 10 వేలు వడ్డీ. పిల్ల జీతము 14 వేలు. లెక్క మీరే వేసుకోండి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అసలు ఈ తలుపు ఏమిటి, దీనికి తాళము ఎవరి చేతిలో ఉన్నది అని తెలిసికోకుండానే నేను ప్రసంగము చేశానని అర్థమైంది. ఆ తరువాత కొన్ని వారములు, విదేశాలలో ఉన్న మన పిల్లలను ఫోనులో అడిగి, వారు పంపిన కాగితాలు చదివి, నాకు బోధపడినంతవరకు మీకు చెప్పుచున్నాను.

ఇప్పుడు చాల దేశాలు పనివారిని పాయింట్ల లెక్కతో ఎంచుకొంటున్నాయి. దీనిని మొదట తెచ్చినది కెనడా, 1967లో. అంతకు ముందు ఏ దేశమువాడు, ఏ జాతివాడు అని చూసి రానిచ్చేవారు. 1967 తరువాత చదువు, వయస్సు, భాష, చేతిలోని పని, వీటికి నూటికి ఇన్ని అని మార్కులు వేసి, 50 వస్తే అర్హత అన్నారు. ఇది మంచి మార్పే. రెంటచింతల రైతుబిడ్డనైనా యూరపువాని కుమారునితో ఒకే కాటాలో తూచడము మొదలైనది అప్పుడే. పాయింట్ల పద్ధతిని తిట్టిపోయడము నా ఉద్దేశము కాదు.

ఐతే మన ఊళ్లలో పాయింట్లనగానే పదవ తరగతి పరీక్ష మార్కులనుకొంటున్నాము. ఒకసారి వస్తే ఎన్నటికీ పోవు, పాసైనవాడు పాసైనట్లే అనుకొంటున్నాము. ఇవి అటువంటి మార్కులు కావు. ఆస్ట్రేలియాలో 65 పాయింట్లు రావాలంటారు. 65 వస్తే వీసా వచ్చినట్లు కాదు, వరుసలో నిలబడనిచ్చినట్లు మాత్రమే. ఆ వరుసలో ఎక్కువ పాయింట్లు ఉన్నవారిని ముందు పిలుస్తారు. 25 నుండి 32 ఏండ్ల మధ్య వారికి వయస్సు క్రింద 30 పాయింట్లు, 40 దాటినవారికి 15, 45 నిండితే దరఖాస్తుకే వీలు లేదు. ఒంటరివారికి 10 పాయింట్లు ఇస్తారు. వివాహితులకు ఆ 10 రావాలంటే జీవిత భాగస్వామికి కూడ వారడిగే వృత్తి నైపుణ్యము, ఇంగ్లీషు ఉండాలి. ఇంగ్లీషు మాత్రమే ఉంటే 5. అంటే ఇంటిని నడిపే ఇల్లాలి కష్టము ఆ పట్టికలో లెక్కకు రాదు.

ఇది చదివినప్పుడు నాకు హయ్యరు దొరగారు జ్ఞాపకమొచ్చి నవ్వు వచ్చింది. రెవరెండ్ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు గారు 1842 జూలై 31న గుంటూరు చేరినప్పుడు ఆయన వయస్సు 49. 1849లో మన పల్నాటికి, గురజాలకు వచ్చినప్పుడు 56. మరల 1869లో 76 ఏండ్ల వయస్సులో రాజమండ్రి సేవకు ఓడ ఎక్కి వచ్చారు. పాయింట్ల పట్టిక ముందు పెట్టుకొని కూర్చున్న అధికారి ఎవరైనా ఉంటే ఆ పెద్దాయన ఓడ దిగేవారు కాదు, మన తాతలకు సువార్త ఎవరు చెప్పేవారో!

బ్రిటను సంగతికి వస్తాను, ఎందుకంటే మన నర్సింగు పిల్లలు ఎక్కువగా చూచేది అటువైపే. అక్కడి ఇప్పటి పాయింట్ల పద్ధతి 2020 డిసెంబరులో మొదలైంది. మొత్తము 70 పాయింట్లు కావాలి. లైసెన్సు ఉన్న యజమాని ఉద్యోగము ఇస్తే 20, ఆ ఉద్యోగము తగిన స్థాయిదైతే 20, ఇంగ్లీషు వస్తే 10. ఈ 50 తప్పనిసరి. తక్కిన 20 చాలవరకు జీతమును బట్టి. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. 20 పాయింట్లు యజమాని లైసెన్సు మీద ఆధారపడినవి. ఆయన లైసెన్సు పోయిన రోజున, పిల్ల ఎంత చదివినా, ఎంత నమ్మకముగా పని చేసినా, ఆ వీసాకు ఆధారము పోయినట్లే. ఉద్యోగ స్థాయి, జీతము, ఇంగ్లీషు, ఈ మూడింటినీ ప్రభుత్వము ఎప్పుడైనా మార్చవచ్చు, మార్చింది కూడ. 2021లో సాధారణముగా కావలసిన జీతము సంవత్సరానికి 25,600 పౌండ్లు. 2024 ఏప్రిల్ 4 నుండి 38,700. 2025 జూలై 22 నుండి 41,700. నర్సుల వంటి ఆరోగ్యశాఖ ఉద్యోగాలకు లెక్క వేరు, తక్కువ. అదే జూలై 22న ఉద్యోగ స్థాయిని డిగ్రీ చదువు స్థాయికి పెంచారు. 2026 జనవరి 8 నుండి కొత్తగా వెళ్లేవారికి ఇంగ్లీషు పరీక్ష స్థాయి కూడ ఒక మెట్టు పెరిగింది.

కేర్ వర్కరు వీసా కథ ఇంకా చిన్నది. కరోనా తరువాత వృద్ధాశ్రమాలలో చేతులు చాలక 2022 ఫిబ్రవరి 15న తెరిచారు. 2024 మార్చి 11 నుండి కొత్తగా ఆ పనికి వెళ్లేవారు భర్తను గాని భార్యను గాని పిల్లలను గాని తీసుకొని పోకూడదన్నారు. 2025 జూలై 22న బయటివారికి మూసివేశారు. తెరచి మూయడానికి మధ్య మూడున్నర సంవత్సరములు కూడ లేవు. మన ఎకరము సంపాదించడానికి మన తండ్రులకు ఎన్నేండ్లు పట్టిందో ఆలోచించండి.

ఇది తెల్లవారు ఇప్పుడే నేర్చిన పని కాదు. 1860లో మద్రాసు రేవునుండి మొదటి ఓడ దక్షిణ ఆఫ్రికాలోని నేటాలుకు కూలీలను తీసుకొని వెళ్లింది. అప్పటినుండి వెళ్లినవారిలో మన తెలుగువారు వేలమంది. ఐదేండ్ల ఒప్పందము. ఒప్పందము తీరిన తరువాత అక్కడే ఉండవచ్చునన్నారు. చెరకు తోటలు పచ్చబడ్డాయి. 1895లో చట్టము మార్చి, ఇకమీదట వచ్చే కూలీలలో ఒప్పందము తీరినా తిరిగి పోకుండా ఉండిపోయేవాడు ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలన్నారు. ఆ కూలీకి అది కొన్ని నెలల జీతము. గాంధీ గారి నాయకత్వాన 1913లో జరిగిన సమ్మె తరువాత, 1914లో గాని ఆ పన్ను పోలేదు. ఆ రోజులలో నెల్లూరు సంఘము చేసిన పని ఒకటి నాకు చాల ఇష్టము. తమవారు నేటాలులో కాపరి లేక ఉన్నారని విని, 1903లో రెవరెండ్ జాన్ రంగయ్య గారిని అక్కడికి పంపించారు. ఓడ ఎక్కినవారిని గూర్చి సాక్ష్యము చెప్పి ఊరుకోలేదు, వెనుకనే మనిషిని పంపారు. నేను 2023లో చేసినది మొదటిది మాత్రమే.

ఆ రాత్రులలో ఆదికాండము మరల చదివాను. యాకోబు కూడ పొట్టకూటికి పరదేశము వెళ్లినవాడే గదా. మేనమామ లాబాను ఇంట మొదటి ఒప్పందము ఏడేండ్లు. ఏడేండ్లు నిండిన మరునాడు తెల్లవారి చూస్తే ఇస్తానన్న రాహేలు లేదు, లేయా ఉన్నది. మరల ఏడు. ఆ మీదట మందల కొరకు ఆరు. మొత్తము ఇరవై ఏండ్లలో జీతము పదిసార్లు మారింది. చుక్కల మేకలు నీవి అంటాడు, చుక్కల పిల్లలు పుట్టగానే చారలవి నీవి అంటాడు. ముప్పది ఒకటవ అధ్యాయములో యాకోబు తన భార్యలను పొలములోనికి పిలిపించి మాట్లాడిన మాటలు చూడండి. జీతము మార్చినది మీ తండ్రి అని స్పష్టముగా చెప్పాడు. తనకు హాని కలుగనీయక కాపాడినది దేవుడు అని చెప్పాడు. రెండింటినీ కలిపివేయలేదు. లాబాను చేసిన పనిని దేవుని ఖాతాలో వ్రాయలేదు. ఎన్నోసార్లు ప్రసంగించిన అధ్యాయమే, ఈ సంగతి ఇంతకు ముందు నా కంటికి కనబడలేదు.

మరుసటి వారము ఆ తల్లి ఇంటికి వెళ్లాను. ఆమె భర్త, కుమార్తె కూడ ఉన్నారు. "అమ్మా, తలుపు మూసినది దేవుడు కాదు. ఒక ప్రభుత్వము తనకు కావలసినప్పుడు తెరచి, వద్దనుకొన్నప్పుడు మూసింది. మీ పాపము దీనిలో లేదు. ఆనాడు వీసాను దేవుని మెప్పుగా చెప్పి నేను తప్పు చేశాను, నన్ను క్షమించండి" అన్నాను. తండ్రి తల వంచుకొని ఏమీ మాట్లాడలేదు. ఆ అమ్మాయి నాలుగు నెలలుగా ఆరాధనకు రావడము లేదు. దేవుని మీద అలిగిందని నేను అనుకొంటున్నాను. ఆమె చెప్పిన మాట వేరు. "నాకు దేవుని మీద కోపము లేదు అయ్యగారూ. గుడికి వస్తే ప్రతివారూ ఎప్పుడు వెళ్తున్నావమ్మా అని అడుగుతున్నారు. ఏమని చెప్పను?"

సంఘస్థులారా, పెద్దలారా, దయచేసి ఈ ప్రశ్న మానండి. అభిమానముతోనే అడుగుతారని తెలుసు. ఐనా మానండి.

డబ్బు మాట కూడ చెప్పాలి, అది దాచితే ఇంకొక ఇల్లు పోతుంది. ఆ కుటుంబము 14 లక్షలు కట్టినది స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్టు అనే కాగితము కొరకు. ఆ కాగితానికి అక్కడి యజమాని తన ప్రభుత్వానికి చెల్లించే రుసుము ఆనాడు 239 పౌండ్లు. మన డబ్బులో సుమారు 25 వేలు. 2025 ఏప్రిల్ 9 నుండి అది 525 పౌండ్లు అయింది. అది యజమాని కట్టవలసినది. 2024 డిసెంబరు 31 నుండి ఆ రుసుమును పనివారి మీద వేయకూడదని అక్కడి ప్రభుత్వము నియమము కూడ పెట్టింది. మన దేశములోనైతే 1983 నాటి వలస చట్టము క్రింద, విదేశీ ఉద్యోగాలకు మనుష్యులను పంపే ఏజెంటు విదేశాంగ శాఖలో రిజిస్టరై ఉండాలి. అటువంటి ఏజెంటు కూడ తన సేవకు తీసుకొనదగినది 30 వేల రూపాయలు, దానిపై జి.ఎస్.టి. అంతే. 14 లక్షలు ఎక్కడ, 30 వేలు ఎక్కడ! మా పెద్దలు నలుగురు కలిసి వెళ్లి కూర్చుంటే ఆ ఏజెంటు రెండు విడతలుగా 4 లక్షలు తిరిగి ఇచ్చాడు. మిగిలిన 10 లక్షల నిమిత్తము పోలీసు ఫిర్యాదు ఇచ్చాము. వడ్డీ మాత్రము ఎవరి కొరకూ ఆగదు.

ఇంకొక సంగతి తెలిసి నా మనస్సు మరింత నొచ్చుకొన్నది. ఆ అమ్మాయి బి.ఎస్సీ. నర్సింగు. నర్సుగా వెళ్లే మార్గము బ్రిటనులో మూతపడలేదు. ఇంగ్లీషు పరీక్ష వ్రాయాలి, అక్కడి నర్సింగు కౌన్సిలు వారి కంప్యూటరు పరీక్ష ఇక్కడే వ్రాయవచ్చు, వెళ్లిన తరువాత చేతిపని చూచే పరీక్ష ఉంటుంది. కష్టమే, నెలల తరబడి చదవాలి. కాని అక్కడి ప్రభుత్వ నియమావళి ప్రకారము ఆ ఉద్యోగము ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర ఎవరూ డబ్బు తీసుకోకూడదు. మరి ఏజెంటు ఈ దారి ఎందుకు చెప్పలేదు? చదువుకొని పరీక్ష ప్యాసయ్యే పిల్ల దగ్గర అతనికి 14 లక్షలు రావు గదా.

గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి తన యొద్ద ఉన్నది చాలునా అని లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పిన ఉపమానము మనకు తెలుసు. కూర్చుని చూడవలసిన లెక్క ఒకటే కాదు. కట్టే డబ్బు ఎంత అని అందరూ అడుగుతారు. ఈ నియమము వచ్చి ఎన్నాళ్లైంది, గత మూడేండ్లలో ఎన్నిసార్లు మారింది అని అడిగేవారు తక్కువ. దారి మధ్యలో మారితే మన చేతిలో ఏమి మిగులుతుంది అని అడిగేవారు ఇంకా తక్కువ. ఇంగ్లీషు నేర్చుకొన్న డబ్బు, నర్సింగు పరీక్షకు కట్టిన డబ్బు, వీసా రాకపోయినా పిల్ల యొద్దనే ఉంటాయి, ఇంకొక దేశానికైనా హైదరాబాదుకైనా పనికివస్తాయి. ఏజెంటుకు ఇచ్చినది తలుపుతో పాటే పోతుంది. కెనడావారు కూడ ఉద్యోగము చూపినవారికి ఇచ్చే 50, 200 పాయింట్లను 2025 మార్చి 25న తీసివేశారు. ఆ ఉద్యోగ కాగితాలను కొని అమ్మడము ఎక్కువైనందుకే. లక్షలు పోసి ఆ కాగితము కొన్నవారి గతి ఏమిటో చెప్పనక్కరలేదు.

2023లో వెళ్లిన మొదటి అమ్మాయిని గూర్చి మీరు అడగవచ్చు. ఆమె తలుపు కూడ తెరచి ఉండిపోలేదు. 2024లో ఆమె పని చేసే సంస్థ లైసెన్సును ప్రభుత్వము రద్దు చేసింది. 2022 జూలై నుండి 2024 డిసెంబరు వరకు ఇటువంటి కేర్ సంస్థలు 470కి పైగా లైసెన్సు పోగొట్టుకొన్నాయి. ఆమెకు వచ్చిన ఉత్తరములో, 60 రోజులలో మరొక లైసెన్సున్న యజమానిని చూచుకోవాలి లేదా దేశము విడిచి పోవాలి అని ఉన్నది. తల్లికి చెప్పలేదు, నాకు ఫోను చేసి ఏడ్చింది. నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబము బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటే వారికి చెప్పాను. వారి సంఘమువారు ఆమెను తమ ఇంట్లో ఉంచుకొని, అన్నము పెట్టి, ఆదివారము ఆరాధన తరువాత కూర్చుని దరఖాస్తులు వ్రాయించారు. 51వ రోజున వేరొక చోట పని దొరికింది. ఐదేండ్లు నిండితే అక్కడ స్థిరపడే హక్కు వస్తుందని ఆమె లెక్క. అంతవరకు పెండ్లి వద్దని ఇక్కడ సంబంధాలు ఆపించింది. 2025 మే నెలలో ఆ ప్రభుత్వము ఐదును పది చేయాలని ప్రతిపాదించింది. తల్లి నన్ను అడుగుతున్నది, "పదేండ్లంటే పిల్లకు ముప్పై ఆరు వస్తాయి అయ్యగారూ, సంబంధము చూడమంటారా, ఆగమంటారా?" చూడమన్నాను. సరిగా చెప్పానో లేదో ప్రభువుకే తెలుసు.

మా సంఘములో ఇప్పుడు వీసా వచ్చినవారిని ముందుకు పిలిచి సాక్ష్యము చెప్పించుట మానివేశాము. ఇది కొందరికి నచ్చలేదు. దేవుడు చేసిన మేలు చెప్పుకోకూడదా అని ఒక పెద్ద నాతో వాదించాడు. చెప్పుకోవచ్చు. కాని ప్రయాణమయ్యేవారి కొరకు ప్రార్థించేటప్పుడు, ఆగిపోయినవారి కొరకు, అప్పు తీర్చుచున్నవారి కొరకు కూడ అదే ప్రార్థనలో అడుగుతున్నాము. పేర్లు చెప్పము.

ఆ నర్సింగు పిల్ల క్రిస్మసునుండి ఆరాధనకు వస్తున్నది. రాత్రి డ్యూటీ లేని గురువారములలో మా ఇంటి వరండాలో కూర్చుని ఇంగ్లీషు పరీక్షకు చదువుకొంటున్నది. మా ఇంటావిడ టీ ఇస్తుంది, నేను ఉచ్చారణ దిద్దబోయి ఆమె చేతనే దిద్దించుకొంటున్నాను.

ప్రతి నెల రెండవ శనివారము సాయంత్రము మా ఇంటి దగ్గర, మా సంఘములోని రిటైరైన హెడ్ మాస్టరు గారు కూర్చుంటారు. విదేశీ ఉద్యోగానికి సంబంధించిన కాగితము ఏదైనా మీకు తెలుగులో చదివి చెప్తారు. యజమాని పేరు బ్రిటను ప్రభుత్వము ప్రకటించే లైసెన్సుదారుల పట్టికలో ఉన్నదో లేదో, ఏజెంటు మన విదేశాంగ శాఖ రిజిస్టరులో ఉన్నాడో లేదో మా పెద్దబ్బాయి సెల్‌ఫోనులో చూపిస్తాడు. మాకు తేలనివి తాడేపల్లిలోని మన రాష్ట్ర ప్రవాసాంధ్రుల సంస్థ ఎ.పి.ఎన్.ఆర్.టి. సొసైటీకి వ్రాస్తాము. ఏ సంఘమువారైనా రావచ్చు, సంఘము లేనివారైనా రావచ్చు. సంతకము పెట్టకముందు, నోటు రాయకముందు రండి. జిరాక్సు వద్దు, అసలు కాగితమే తీసుకొని రండి. మాస్టరు గారికి చూపు తక్కువ, సన్న అక్షరాలు జిరాక్సులో ఆయనకు కనబడవు.